220 సెం.మీ. కయాక్ ప్యాడిల్‌తో (తెడ్డుతో) క్లాస్ 3 ర్యాపిడ్‌కి వెళ్లొచ్చా? గైడ్‌బుక్‌లో 3 అని ఉంటే నీటిలోనూ 3యేనా?

నీటివాలు:

క్లాస్ 2 (నది కష్టానికి 1 నుంచి 6 వరకు ఇచ్చే తరగతుల్లో రెండోది) వరకు టూరింగ్ ప్యాడిల్‌తోనే, అంటే నిలకడ నీటిలో దూరప్రయాణాలకు వాడేదానితోనే నెట్టుకొచ్చాను. 220 సెం.మీ. పొడవు, రెండు ముక్కలది, ప్లాస్టిక్ బ్లేడ్లు, ఫెదర్ (రెండు బ్లేడ్ల మధ్య తిప్పుడు కోణం) 60 డిగ్రీలు, కంట్రోల్ (షాఫ్ట్‌ను తిప్పే చెయ్యి) కుడిచెయ్యి. కయాక్ మాత్రం ఇప్పుడు అసలైన వైట్‌వాటర్‌ది (నురగలెత్తే నదీప్రవాహానికి చేసినది): 2.6 మీటర్ల పొడవు, 66 సెం.మీ. వెడల్పు. నా ఎత్తు 170 సెం.మీ. నిలకడ నీటిలో రోల్ (బోల్తా పడ్డ కయాక్‌ను ప్యాడిల్‌తో మళ్లీ లేపడం) రెండు పక్కలా వస్తుంది. పారే నీటిలో కుడి బ్లేడ్‌తో లేచేదాని మీదే నమ్మకం.

తేల్చుకోవాల్సినవి రెండు. ఒకటి ప్యాడిల్: 194, 197, 200లో ఏది తీసుకోవాలి? కార్బనా, ఫైబర్‌గ్లాసా? బెంట్ షాఫ్ట్‌తో (చేతులు పట్టే చోట వంపున్న కర్రతో) మణికట్టు నొప్పి పోతుందంటున్నారు, ఎంతవరకు నిజం?

రెండోది: వెళ్లాలనుకున్న చోటును గైడ్‌బుక్ "3 (5)" అని రాసింది. అదే చోటును ఒకరు 3 అంటారు, ఇంకొకరు 4 అంటారు. గట్టు మీద నిలబడి ఎవరికి వారే అంచనా వేసుకునే పద్ధతి ఏమిటి?

బండమలుపు:

ప్యాడిల్ సంగతి నేను చెబుతాను, ర్యాపిడ్ల (నది ఉరకలెత్తే చోట్ల) సంగతి వేరేవాళ్లు అందుకుంటారు.

220ని క్లాస్ 3కి తీసుకెళ్లకండి. టూరింగ్‌లో ప్యాడిల్‌ను వాలుగా పట్టి, పడవకు దూరంగా లాగుతారు, అందుకే అంత పొడవు. ర్యాపిడ్‌లో స్ట్రోక్ నిటారుగా, పడవ అంచును రాసుకుంటున్నట్టు పడాలి. షాఫ్ట్ పొడవైతే బ్లేడ్ దూరంగా పడి, పడవను ముందుకు తోయాల్సింది పోయి ముక్కును పక్కకు తిప్పేస్తుంది. ఆ తిరుగుడు సర్దడానికి ఇంకో స్ట్రోక్ ఖర్చవుతుంది. అసలు కష్టం ఇక్కడే. హోల్ (రాయి మీదుగా దూకిన నీరు వెనక్కి తిరిగి గిరగిరా తిరిగే చోటు) అంచు మీద చేతిలో ఉండేవి రెండు స్ట్రోకులు, అందులో ఒకటి సర్దుబాటుకే పోతుంది.

మీ ఎత్తుకు, ఆ పడవకు 197 తీసుకోండి. 194 పొట్టి ప్లేబోట్లకు (అలల మీద విన్యాసాలకు వాడే పడవలకు) బాగా కుదురుతుంది. వాల్యూమ్ ఎక్కువున్న క్రీక్ బోట్ (నిటారు వాగుల్లో వాడే ఉబ్బెత్తు పడవ) అయితే కూర్చునే ఎత్తు పెరుగుతుంది కాబట్టి 200 కూడా తప్పు కాదు. 197, 200 మధ్య తేడా గురించి జరిగినంత చర్చ దానికి అవసరం లేదు.

కొనేముందు ఎవరిదైనా తీసుకుని నీటి మీద చూడండి. మీ కయాక్‌లోనే, మీరు వేసుకునే జాకెట్‌తోనే కూర్చోవాలి. పై చెయ్యి నుదుటి ఎత్తులో ఉంచి, షాఫ్ట్‌ను దాదాపు నిటారుగా నిలిపి, బ్లేడ్‌ను పాదాల దగ్గర ముంచండి. బ్లేడ్ పూర్తిగా మునిగి, బ్లేడ్ షాఫ్ట్‌ను కలిసే మెడ దగ్గర నీరు ఆగాలి. మెడ దాటి షాఫ్ట్ కూడా జానెడు మునిగిందంటే పొడవు ఎక్కువ. ముంచడానికి నడుము వంగిందంటే తక్కువ.

చేతుల ఎడం కూడా అప్పుడే చూసుకోండి. షాఫ్ట్‌ను నెత్తి మీద పెట్టి మోచేతులు 90 డిగ్రీలు వచ్చేలా పట్టుకోవాలి. ఎడమచేతి నుంచి ఎడమ బ్లేడ్‌కు, కుడిచేతి నుంచి కుడి బ్లేడ్‌కు దూరం సమానంగా ఉండాలి. ఆ రెండు చోట్లా సన్నగా టేపు చుట్టండి. కంగారులో చేతులు ఒక పక్కకు జరుగుతాయి, టేపు తగిలితే చూడకుండానే తెలుస్తుంది. చిన్న చేతులవాళ్లు సన్న షాఫ్ట్ అడగాలి. వేళ్లు చుట్టూ తిరిగి బొటనవేలిని అందుకోకపోతే పట్టు బిగుసుకుపోతుంది, ముంజేయి త్వరగా అలసిపోతుంది.

ఫెదర్ 60 నదికి ఎక్కువ. ఎదురుగాలిలో పైనున్న బ్లేడ్ గాలిని కోసుకుపోవడానికి ఎక్కువ కోణం పనికొస్తుంది, ర్యాపిడ్‌లో ఆ అవసరం తక్కువ. వైట్‌వాటర్ ప్యాడిళ్లలో 30 సర్వసాధారణం, 45, 15, 0 కూడా దొరుకుతాయి. 30కి వెళ్లండి. అయితే మార్చిన రోజే నదిలోకి దిగకండి. కంట్రోల్ చెయ్యి కుడిది కాబట్టి కుడి బ్లేడ్‌తో లేచే రోల్‌లో మార్పు కనబడదు. తేడా అంతా ఎడమ బ్లేడ్‌లోనే. మణికట్టు అలవాటుగా 60 డిగ్రీల తిప్పుడే తిప్పుతుంది, బ్లేడ్ కోణం 30 డిగ్రీలు తప్పుతుంది, నీటి పైన జారాల్సిన బ్లేడ్ లోపలికి కోసుకుపోతుంది. ఎడమ రోల్, ఎడమ బ్రేస్ (బోల్తా పడకుండా బ్లేడ్‌ను నీటిపై ఆనించడం) నిలకడ నీటిలో మళ్లీ కుదిరాకే ర్యాపిడ్.

తెల్లనురగ:

పొడవు మీద బండమలుపు గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. మెటీరియల్ మీద నా మాట: మొదటి వైట్‌వాటర్ ప్యాడిల్‌గా ఫైబర్‌గ్లాస్, నేరు షాఫ్ట్, ఒకే ముక్క.

ఒకే ముక్క ఎందుకంటే రెండు ముక్కల ప్యాడిల్‌లో బలహీనత సరిగ్గా చేతుల మధ్య, కీలు దగ్గర ఉంటుంది. నది ఇసుక లోపల చేరి కొన్నాళ్లకు కీలు వదులవుతుంది, లేదా ఊడిరాకుండా బిగుసుకుంటుంది. ఇప్పుడున్న దానికైనా ప్రతిసారీ విప్పి, మంచినీటితో కడిగి, ఆరబెట్టండి. గ్రీజు మాత్రం రాయొద్దు, ఇసుక దానికే అంటుకుని లోపల ఆకురాయిలా పనిచేస్తుంది.

కార్బన్ తేలిక, గట్టిది, స్ట్రోక్ వెంటనే అందుతుంది. కానీ నీళ్లు లోతు లేని రాతి నదిలో బ్లేడ్ రోజంతా రాళ్లకు తగులుతూనే ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ అంచు మెల్లగా అరుగుతుంది, కళ్లకు కనబడుతుంది, తయారయ్యే వ్యవధి ఇస్తుంది. కార్బన్ అంచు పెచ్చు ఊడుతుంది. బాగా దెబ్బ తిన్న కార్బన్ షాఫ్ట్ బయటికి బాగానే కనబడుతూ ఒకరోజు బరువు పడగానే తెగుతుంది. లోతైన పెద్ద నదుల్లో తిరిగేవారికి కార్బన్ పెట్టుబడి దక్కుతుంది, రాతి వాగుల్లో తిరిగేవారికి అంతగా దక్కదు. ప్లాస్టిక్ బ్లేడ్ విరగడం అరుదే గానీ బలంగా లాగినప్పుడు వంగిపోతుంది, మీ బలం ఆ వంపులో పోతుంది.

బ్లేడ్ సైజు విషయంలో అందరూ పెద్దదాని వైపు మొగ్గుతారు. హోల్ కింద నీరు సగం గాలి, చిన్న బ్లేడ్ దానిలో జారుతుంది, పెద్దది కాస్త పట్టు దొరకబుచ్చుకుంటుంది, అది నిజమే. కానీ ఆ పట్టు బరువంతా మోసేది భుజం. 170 సెం.మీ. మనిషి పెద్ద బ్లేడ్‌తో నాలుగు గంటలు లాగితే చివరి గంటలో స్ట్రోకులు ఆలస్యమవుతాయి, ఆలస్యమైన స్ట్రోకు చెయ్యి చాచేలా చేస్తుంది. మీడియం బ్లేడ్ తీసుకుని స్ట్రోకుల వేగం పెంచుకోండి.

భుజం అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. హై బ్రేస్‌లో మోచెయ్యి భుజం కంటే పైకి, వెనక్కి వెళ్లిందంటే కీలు జారే స్థితి అదే. ఏ ప్యాడిల్ కొన్నా చేతులు ఎప్పుడూ ఛాతీ ముందే ఉండాలి, కళ్లకు కనబడుతుండాలి. వెనక్కి చూడాలంటే చెయ్యి కాదు, నడుము నుంచి మొత్తం ఒళ్లు తిరగాలి.

బెంట్ షాఫ్ట్ మణికట్టును సహజమైన కోణంలో ఉంచుతుంది, కొందరికి నిజంగా ఉపశమనం. కానీ నొప్పికి ఎక్కువసార్లు కారణం గట్టిగా బిగించి పట్టుకోవడం, పైగా మీ 60 డిగ్రీల ఫెదర్. ఒక్కో స్ట్రోక్‌కు మణికట్టు అంత వెనక్కి విరవాలి మరి. ముందు 30కి మారండి, నీటిలో లేని చేతి వేళ్లు వదులుగా తెరవడం అలవాటు చేసుకోండి. అప్పటికీ నొప్పి ఉంటే బెంట్ ఆలోచించండి. దానిలో చేతులు పెట్టే చోటు తయారీలోనే ఖాయమైపోతుంది, మీ చేతుల ఎడం దానికి సరిపోకపోతే నొప్పి ఇంకో చోట మొదలవుతుంది.

ఎగువగట్టు:

ఇక ర్యాపిడ్లు. "3 (5)" అంటే ఆ చోటు మొత్తం మీద 3, మధ్యలో ఒక 5 ఉంది, అక్కడ కయాక్ దిగి దాన్ని గట్టు మీదుగా మోసుకుపోవచ్చు అని అర్థం. బ్రాకెట్ లేకుండా "3, 5" తరహాలో ఉంటే తప్పించుకునే దారి ఉందన్న హామీ లేదు. కాబట్టి మీరు ముందుగా తెలుసుకోవాల్సింది ఆ 5 ఎక్కడ మొదలవుతుంది, దాని పైన చివరి ఎడ్డీ (బండ వెనకో గట్టు పక్కనో ప్రవాహం నెమ్మదించి పడవ ఆగగలిగే చోటు) ఏ గట్టున ఉంది, అందులో ఎన్ని పడవలు పడతాయి. ఆ ఎడ్డీ జారిపోతే మీరున్నది క్లాస్ 5లోనే.

అమెరికన్ వైట్‌వాటర్ సంస్థ ప్రచురించే అంతర్జాతీయ స్కేల్‌లో 1 నుంచి 6 వరకు తరగతులు. 3 అంటే క్రమం లేని అలలు, ఇరుకు దారుల్లో పడవను గట్టిగా అదుపు చేయాల్సిన అవసరం. 4 అంటే బలమైన నీరు, అయితే ఏం చేస్తుందో ఊహించదగినది, తప్పనిసరిగా చేసి తీరాల్సిన మలుపులు. 5 దగ్గరికి వచ్చేసరికి ఒక్క తరగతి సరిపోక 5.0, 5.1, 5.2 అంటూ పైకి సాగదీశారు. నీరు చల్లగా ఉన్నా, జనావాసాలకు దూరంగా ఉన్నా ఇంకొంత జాగ్రత్త కలుపుకోవాలని ఆ స్కేలే చెబుతుంది.

ఒకరు 3, ఒకరు 4 అనడానికి కారణం ఆ ఒక్క అంకెలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోవడం: మలుపు తిప్పడం ఎంత కష్టం, తప్పితే ఏమవుతుంది. కింద 80 మీటర్ల నిలకడ మడుగు ఉన్న 3, కింద వెంటనే ఇంకో 3, దాని కింద ఇంకోటి ఉన్న 3 ఒకటి కావు. మొదటిదానిలో పడవ వదిలి ఈదితే ఒళ్లు తడుస్తుంది. రెండోదానిలో అర కిలోమీటరు రాళ్ల మీదుగా కొట్టుకుపోతారు. అందుకే అంకెను అడగడం మానేసి ఆ రెండిటినీ విడివిడిగా చూడండి.

పద్ధతి ఇది. ర్యాపిడ్ కింద ఏముందో పడవలోంచి కనబడకపోతే, నీరు ఒక గీతలా తెగిపోయి అవతల చెట్ల కొమ్మలు మాత్రమే కనబడుతుంటే, దిగాల్సిందే. పడవను నీటిలోంచి పూర్తిగా పైకి లాగండి. త్రో బ్యాగ్ (కొట్టుకుపోయేవారికి విసిరే తాడున్న సంచి) చేతిలో ఉండాలి. నేరుగా ర్యాపిడ్ చివరికి నడవండి, అక్కడి నుంచి పైకి చూసుకుంటూ రండి. పై నుంచి చూస్తే ప్రతి హోల్ చిన్నగా, ప్రతి దారి వెడల్పుగా కనబడుతుంది. కింద నుంచి దాని అసలు ఎత్తు తెలుస్తుంది.

ముందు చూడాల్సింది దారి కాదు, చెడ్డ చోట్లు. నీరు దూరి మనిషి దూరని అడ్డాలు: పడిపోయిన చెట్లు, కొమ్మలు, రాళ్ల సందులు. తర్వాత కింద తొలుచుకుపోయిన బండలు. నీరు నేరుగా కొడుతున్న బండ ముందు నీళ్లు దిండులా ఉబ్బి వెనక్కి తిరుగుతుంటే మంచిదే, ఆ ఉబ్బు మిమ్మల్ని కూడా కొంత పక్కకు నెడుతుంది. అంత నీరు కొడుతున్నా ఉబ్బు లేదంటే నీరు బండ కిందికి పోతోందని అర్థం. అటు వెళ్లే దారి ఎంత తేలికైనా వదిలేయాలి.

హోల్‌ను చివర్లతో అంచనా వేయండి. రెండు చివర్లూ దిగువకు వంగి ఉంటే ఇరుక్కున్నవాడు పక్కకు జరిగి బయటపడగలడు. చివర్లు ఎగువకు వంగి ఉంటే నీరు పక్కల నుంచి మధ్యకే తోస్తుంది. తర్వాత నురగ ఎంత దూరం నుంచి వెనక్కి వస్తోందో చూడండి. కయాక్ పొడవు కంటే ఎక్కువ దూరం నుంచి వస్తుంటే, మీరున్న స్థాయిలో దాని జోలికి వద్దు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గీత గీసినట్టు ఒకే తీరుగా ఉన్న హోల్, ముఖ్యంగా చిన్న ఆనకట్టల కింద, మీటరు ఎత్తే ఉన్నా సరే, దానికి తరగతి ఇవ్వడమే పొరపాటు. పక్కకు పోయే దారి ఉండదు, అది మనుషుల్ని చంపే చోటు.

ఇవన్నీ అయ్యాక దారి. దిగువకు మొన తిరిగిన వీ ఆకారం రెండు రాళ్ల మధ్య తెరిచిన దారి. ఎగువకు మొన తిరిగిన వీ కింద రాయి ఉంది. మీ దారిని మూడు మాటల్లో చెప్పగలగాలి: ఎక్కడ ప్రవేశం, ఏది తప్పకూడని మలుపు, ఏ ఎడ్డీలో ఆగడం. ఒక్కో చోటుకు గుర్తు పెట్టుకునేటప్పుడు గొంతుక్కూర్చుని నీటి మట్టానికి కళ్లు తెచ్చి చూడండి. నిలబడి చూసిన గుర్తు పడవలోంచి కనబడదు.

చివరి ప్రశ్న: తప్పకూడని ఆ మలుపు తప్పితే, అక్కడి నుంచి ఈదుకుంటూ ఎక్కడ తేలుతాను? ఆ చోట తాడుతో మనిషిని నిలబెట్టగలరా? త్రో బ్యాగులో తాడు మామూలుగా 15 నుంచి 20 మీటర్లే, విసిరితే దానికంటే తక్కువే అందుతుంది. నిలబడాల్సింది పడవ బోల్తా పడే చోట కాదు, ఈదేవాడు తేలే చోట. ఈదేటప్పుడు మోకాలి లోతు దాటిన పారే నీటిలో లేచి నిలబడకూడదని మీ జట్టులో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి, కాలు రాళ్ల సందులో ఇరుక్కుంటే నీరు మనిషిని ముందుకు పడేసి అక్కడే తొక్కిపెడుతుంది.

నీటివాలు:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. ఆ నదికి గేజ్ (ప్రవాహం కొలిచే పరికరం) ఉంది. గైడ్‌బుక్ 500 క్యూసెక్కుల దగ్గర 3 అంటోంది. 900 ఉంటే 4 అనుకోవాలా? తక్కువ ఉంటే తేలికా?

ఎగువగట్టు:

అలా లెక్క కట్టలేం. నీరు పెరిగితే కొన్ని రాళ్లు మునిగి ర్యాపిడ్ సాఫీ అయిపోతుంది. కొన్నిచోట్ల మునిగిన అదే రాయి మీదుగా నీరు దూకి కొత్త హోల్ పుడుతుంది. మొత్తానికి మూడు మార్పులు మాత్రం ఖాయం: వేగం పెరుగుతుంది, ఎడ్డీలు కరిగిపోతాయి, నీరు గట్టు చెట్లలోకి ఎక్కుతుంది. నీటి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది, అందుకే కొంచెం పెరిగినట్టున్నా ఎదురుదెబ్బ గట్టిగా తగులుతుంది. మీ బ్రాకెట్ 5 పైన ఉన్న ఆ చివరి ఎడ్డీ 900 దగ్గర ఉంటుందో లేదో తెలియకుండా ఆ రోజు దిగకండి.

తక్కువ నీరు తేలిక కాదు, నిదానం అంతే. రాళ్ల సందులు బయటపడతాయి, పడవ ముక్కు ఇరుక్కునే ప్రమాదం పెరుగుతుంది, బోల్తా పడితే తల రాళ్లకు దగ్గర.

500 క్యూసెక్కులు అంటే సుమారు 14 క్యూమెక్కులు (సెకనుకు అన్ని ఘనపు మీటర్ల నీరు). 10 మీటర్ల వెడల్పు వాగులో అది ఉధృతమైన నీరు, 60 మీటర్ల వెడల్పులో పడవ అడుగు గీసుకుంటుంది. వేరే నది అంకెతో ఈ నదిని పోల్చకండి. వాలు కూడా అంతే: కిలోమీటరుకు 10 మీటర్లు అని రాస్తే, ఆ పది సమానంగా దిగుతున్నాయా, ఐదు మీటర్లు ఒకేచోట దూకుతున్నాయా అని అడగాలి.

గేజ్ ఎగువన ఉంటే అక్కడ చూసిన నీరు మీ దగ్గరికి రావడానికి గంటలు పట్టొచ్చు. మంచు కరిగి వచ్చే నది ఎండ పడ్డాక మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో ఉబ్బుతుంది. ఆనకట్ట ఉన్న నదిలో గేట్లు ఎప్పుడు తెరుస్తారో కనుక్కోవాలి. దిగేచోట నీటి అంచున ఒక రాయిని గుర్తుగా పెట్టి, 15 నిమిషాల తర్వాత చూడండి. రాయి మునిగి, నీరు మట్టి రంగుకు తిరిగి, కట్టెలు, ఆకులు కొట్టుకొస్తుంటే నది పెరుగుతోంది. ఆ రోజుకు గైడ్‌బుక్ అంకెకు విలువ లేదు.

తెల్లనురగ:

ఒకటి కలుపుతాను. బ్రాకెట్‌లో 5 ఉన్న చోటికి వెళ్లేటప్పుడు జట్టులో కనీసం ఒక విడి ప్యాడిల్ ఉండాలి, నాలుగు ముక్కలది, సీటు వెనక కట్టేది. దాని ఫెదర్ మీ 30కే బిగించి ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. ముక్కల్ని జారే రాయి మీద కూర్చుని, తడి చేతులతో కలపడం అలవాటు చేసుకోండి. కీలులో ఇసుక ఉంటే పిన్ను లోపలికి వెళ్లదు.

అసలు ప్యాడిల్‌ను బయల్దేరే ముందు పరీక్షించడం రెండు నిమిషాల పని. మెడ దగ్గర వెంట్రుకంత పగుళ్లు ఉన్నాయేమో గోటితో తడమండి. బ్లేడ్ కొనను నేల మీద ఆనించి షాఫ్ట్‌ను కొద్దిగా నొక్కండి, టిక్కుమంటే లోపల పొరలు విడిపోతున్నాయి. రెండు బ్లేడ్లనూ పక్కపక్కన పెట్టి కొలవండి, ఒక బ్లేడ్ ఒకటి రెండు సెం.మీ. ఎక్కువ అరిగి ఉంటే పడవ ఎందుకు ఒక పక్కకే లాగుతోందో అప్పుడు తెలుస్తుంది. ఫోమ్ కోర్ (లోపల ఫోమ్ నింపిన) బ్లేడ్‌కు పెచ్చు ఊడితే నీరు పడుతుంది. పూర్తిగా ఆరాకే ఎపాక్సీ పెట్టాలి, తడి మీద పెడితే నిలవదు.

బండమలుపు:

ప్యాడిళ్లు ఎక్కువగా విరిగేది రాళ్ల సందులో బ్లేడ్ ఇరుక్కున్నప్పుడు. పడవ ముందుకు పోతుంటుంది, మనిషి వదలడు, షాఫ్ట్ పడవ అంచు మీద మడతపడుతుంది. ఇరుక్కుందని తెలిసిన వెంటనే పై చెయ్యి వదిలేయండి, కింది చేతితో బ్లేడ్ దూరిన దారినే వెనక్కి లాగండి. అప్పటికీ రాకపోతే అది కూడా వదిలి చేతులతో ఎడ్డీకి చేరండి. భుజం కంటే ప్యాడిల్ చవక.

లోతు లేని చోట స్ట్రోక్ పూర్తి లోతుకు ముంచకుండా సగమే వేయండి. బండను తోసి ముందుకు పోవాలనిపిస్తుంది, బ్లేడ్‌తో తోయకండి, తుంటితో పడవను వంచి బండ మీదికి ఒరగండి. పక్క నుంచి బండకు తగిలినప్పుడు కూడా బండ వైపే ఒరగాలి. ఎగువకు ఒరిగితే నీరు డెక్ మీదికెక్కి పడవను అక్కడికక్కడే తిరగేస్తుంది.

నీటివాలు:

197, ఫైబర్‌గ్లాస్, మీడియం బ్లేడ్, 30, నేరు షాఫ్ట్. ఎడమ రోల్ నిలకడ నీటిలో మళ్లీ మొదలుపెడతాను. ఆ చివరి ఎడ్డీ ఏ గట్టున ఉందో గైడ్‌బుక్‌లో "నది కుడి" అని ఉంది. అది దిగువకు ముఖం పెట్టినప్పుడు కుడి అనే కదా?

ఎగువగట్టు:

అవును, ఎప్పుడూ దిగువకు చూస్తూనే. మీరు ఎగువకు తిరిగి ఉన్నా, ఎడ్డీలో ఉన్నా మారదు. చేతి సైగల్లోనూ ఒక్కటే పద్ధతి ఖాయం చేసుకోండి: ప్యాడిల్ నిటారుగా ఎత్తితే రావచ్చు, అడ్డంగా ఎత్తితే ఆగాలి, పక్కకు వంచితే ఆ పక్కనుంచి రావాలి. వేలు, ప్యాడిల్ ఎప్పుడూ వెళ్లాల్సిన వైపే చూపాలి. ప్రమాదాన్ని చూపిస్తే అవతలివాడు దారి అనుకుని అటే వస్తాడు.